సర్వే ఆఫ్ ఇండియా కార్స్ సేవ: పొలం గట్టు మీద నిలబడి రాసిన సమీక్ష

రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే యంత్రం) కర్రను సర్వే రాయి నెత్తిన నిలబెట్టి, నీటి బుడగ గుండ్రం మధ్యకు వచ్చేదాకా సరిచేసి, కంట్రోలర్ తెర మీద ‘ఫ్లోట్’ (లెక్క ఇంకా ఉజ్జాయింపే) అన్న మాట ‘ఫిక్స్’ (లెక్క తేలింది)గా మారేదాకా ఆగితే, ఆ రాయి భూమ్మీద ఎక్కడుందో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో తెలిసిపోతుంది. గొలుసు పట్టుకుని వృత్తిలోకి వచ్చి, టోటల్ స్టేషన్ (కోణాలనూ దూరాలనూ కాంతితో కొలిచే యంత్రం) మీదుగా రోవర్ దాకా చేరిన ప్రైవేటు సర్వేయరుగా, ఈ సౌకర్యాన్ని ఇస్తున్న సర్వే ఆఫ్ ఇండియా (కేంద్ర ప్రభుత్వ సర్వే సంస్థ) కార్స్ సేవ (నిరంతరం పనిచేసే కేంద్రాల నుంచి రోవర్‌కు సవరణలు పంపే సేవ) గురించి తోటి సర్వేయర్లకూ, రోవర్ అద్దెకు తెచ్చుకుని వెంచర్లు కొలిపించుకునేవారికీ ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సేవ నాకు నచ్చింది. అయితే దీన్ని వేగంగా కొలిచే సాధనంగా మాత్రమే మెచ్చుకునేవారు దాని విలువలో సగమే చూస్తున్నారని నా అభిప్రాయం. అందరి కొలతలనూ ఒకే చట్రంలో కూర్చోబెట్టడం దీని అసలు గొప్పతనం, దీనితో వచ్చే చిక్కులు కూడా ఆ కూర్చోబెట్టడం దగ్గరే మొదలవుతాయి.

ఆ చట్రం మనకు కొత్తేమీ కాదు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల బేస్‌లైన్‌ను (త్రిభుజాల లెక్కకు ఆధారమైన మొదటి భుజాన్ని) గొలుసులతో కొలవడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి అర టన్ను బరువున్న థియోడొలైటును (కోణాలు కొలిచే యంత్రాన్ని) కొండల మీదికీ గోపురాల మీదికీ ఎక్కిస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం చేర్చుకుంటూ దేశమంతటా కంట్రోల్ పాయింట్లు (స్థానం లెక్కగట్టిన గుర్తు రాళ్లు) నాటారు. ఆయన తర్వాత ఆ పని చేపట్టిన జార్జ్ ఎవరెస్ట్ యువకుడిగా కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పని చేస్తూ జ్వరంతో చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. ఆ మనుషుల ఓపికకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ పద్ధతిలో ఒక రాయి విలువ దాని వెనకున్న రాయి మీద, అది దాని వెనకటి దాని మీద ఆధారపడుతుంది కాబట్టి, దూరం పెరిగే కొద్దీ పొరపాటు పోగుపడుతూ వస్తుంది. పైగా లెక్కలకు వాడిన ఎవరెస్ట్ భూగోళ నమూనాలో భూమధ్యరేఖ దగ్గరి అర్ధవ్యాసం, నేటి ఉపగ్రహాల నమూనాతో పోలిస్తే సుమారు 836 మీటర్లు తక్కువ. అందుకే పాత టోపోషీటు (సర్వే పటం) మీది అక్షాంశ రేఖాంశాలను మార్పు చేయకుండా రోవర్‌లో పెట్టి నడిస్తే, హైదరాబాద్ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు వెళ్లి నిలబడతాం. ఈ సంగతి తెలియక నానా తంటాలు పడినవారిని నేను చూశాను.

కార్స్ సేవ ఈ వరుసనే తిరగేసింది. ఎప్పుడూ ఆగకుండా ఉపగ్రహాల సంకేతాలను అందుకునే వెయ్యికి పైగా కేంద్రాలను సర్వే ఆఫ్ ఇండియా దేశవ్యాప్తంగా నెలకొల్పింది. 2020 డిసెంబర్ 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వే కోసం ఒక్క ఆ రాష్ట్రంలోనే 70 బేస్ స్టేషన్లు (ఇలాంటి కేంద్రాలే) అనుకున్నారు. ఒక్కో కేంద్రానికీ తన స్థానం ముందే కచ్చితంగా తెలుసు. ఉపగ్రహాల లెక్క ప్రకారం వచ్చే స్థానానికీ, తన అసలు స్థానానికీ మధ్య కనబడే తేడాయే ఆ క్షణాన ఆ ప్రాంతపు పొరపాటు. ఉపగ్రహ కక్ష్యల్లో, గడియారాల్లో, వాతావరణపు పైపొరల్లో వచ్చే ఈ పొరపాట్లను చుట్టుపక్కల కేంద్రాలన్నిటి నుంచీ తెచ్చి కంట్రోల్ కేంద్రం లెక్కగట్టి, మన రోవర్ పక్కనే ఒక బేస్ ఉన్నట్టుగా సవరణను మొబైల్ ఇంటర్నెట్ ద్వారా పంపుతుంది. కొండెక్కి రాయిని వెతుక్కునే పని ఇక లేదు, రాయే సిమ్ కార్డులో మన దగ్గరకు వస్తోంది.

వాడకం తేలిక. పోర్టల్‌లో నమోదు చేసుకున్నాక వచ్చే యూజర్ పేరు, పాస్‌వర్డు, సర్వర్ చిరునామా, పోర్టు నంబరు కంట్రోలర్‌లో ఎక్కిస్తే, మౌంట్ పాయింట్ల (ఎంచుకోదగిన సవరణ ప్రసారాల) జాబితా కనబడుతుంది. ఆకాశం తేటగా ఉన్న చోట నిమిషం లోపే ఫిక్స్ వస్తుంది. ఇదివరకు బేస్ ఒకటి, రోవర్ ఒకటి చొప్పున రెండు యంత్రాలు, ఎండలో బేస్ దగ్గర కాపలాకు ఒక మనిషి కావలసి వచ్చేది. ఇప్పుడు ఆ అద్దె, ఆ కూలీ రెండూ మిగులుతున్నాయి. అంతకంటే నాకు ముఖ్యమైనది మరొకటి ఉంది. కొన్నేళ్ల కిందట ఒక కాలువ పనిలో మాకంటే ముందు కొలిచిన కాంట్రాక్టరు మనుషులు బేస్‌ను తెలిసిన పాయింటు మీద పెట్టకుండా, యంత్రం ఉజ్జాయింపుగా చూపించిన అంకెలనే స్థానంగా ఒప్పుకుని రెండు ఊళ్లు కొలుచుకుపోయారు. లోపలి కొలతలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా అతికాయి, పటమూ అందంగానే ఉంది. మూడో ఊరితో కలిపిన రోజున మాత్రం పటం మీద కాలువ గీత రెండు మీటర్లు పక్కకు విరిగిపోయింది. కార్స్ సవరణతో కొలిచే ఇద్దరు సర్వేయర్లు ఒకరినొకరు ఎరుగకపోయినా, వేర్వేరు కంపెనీల యంత్రాలు వాడినా, ఈ తరహా పొరపాటు చేయడం కష్టం.

ఇక లోపాల సంగతి. మొబైల్ సిగ్నల్ లేకపోతే సవరణ లేదు, సవరణ లేకపోతే ఫిక్స్ లేదు. ఏజెన్సీ ప్రాంతాల్లో పని చేసేవారు పాత బేస్‌ను అమ్మేయవద్దని నా సలహా. సిగ్నల్ లేని చోట ముడి డేటాను నమోదు చేసుకుని, ఆ వేళకు దగ్గరి కేంద్రాల్లో పోగైన డేటాతో ఆఫీసులో లెక్క కట్టే వీలుంది కానీ, గట్టు మీద నిలబడి అంకె అడిగే రైతుకు అది పనికిరాదు. ఏలూరు జిల్లా ఆయిల్‌పామ్ తోటల్లోకి వెళ్తే ఆకులు ఆకాశాన్ని కప్పేస్తాయి. అక్కడ తోట అంచున రోవర్‌తో రెండు పాయింట్లు తీసుకుని, లోపలికి టోటల్ స్టేషన్‌తో వెళ్లడమే మేలు. చాలామందికి తోచని మరో చిక్కు సాయంత్రానిది. మన దేశం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల పొద్దుగుంకిన తర్వాత అయనోవరణం (వాతావరణపు పైపొర) అల్లకల్లోలమై సంకేతాలు మినుకుమినుకుమంటాయి, సూర్యుడి చురుకుదనం ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇది మరీ తీవ్రం. యంత్రం పాడైందని ఆ వేళప్పుడు అద్దెకిచ్చినవారితో తగాదా పడటం దండగ. ముఖ్యమైన రాళ్లను పొద్దున్నే ముగించుకోవాలి.

ఎత్తుల విషయంలో ఈ సేవకు నేను మార్కులు తగ్గిస్తాను, తప్పు పూర్తిగా దానిది కాకపోయినా. ఉపగ్రహం చెప్పే ఎత్తు నున్నటి గణిత గోళం నుంచి లెక్కించినది. మనకు కావలసినది సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తు, నీళ్లు పారేది దాని ప్రకారమే. భూమి ఆకర్షణ బలహీనంగా ఉండే పెద్ద పల్లం మన హిందూ మహాసముద్రంలో, శ్రీలంకకు దక్షిణాన ఉంది. అక్కడ సగటు సముద్ర మట్టం గణిత గోళం కంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగి ఉంటుంది, ఆ వాలు దక్షిణ భారతమంతటా కనబడుతుంది. హైదరాబాద్ దగ్గర తేడా సుమారు 75 మీటర్లు. కోస్తా జిల్లాల్లో వరి చేలో నిలబడితే రోవర్ మైనస్ ఎత్తు చూపిస్తుంది, మొదటిసారి చూసినవాడు గాభరా పడతాడు. ఈ తేడాను సరిచేసే జియాయిడ్ నమూనా ఎంత మంచిదైతే ఎత్తు అంత మంచిది. కాలువ తూము మట్టాలకు నేను ఇప్పటికీ బెంచ్‌మార్క్ రాయి (ఎత్తు ముందే తెలిసిన రాయి) దగ్గర నుంచి మట్టం చూసే యంత్రమైన ఆటో లెవెల్‌తోనే వస్తాను.

సెంట్ల తగాదాలన్నీ పాత ఎఫ్.ఎం.బి.కి (పొలాల కొలతల పుస్తకానికి) కొత్త అంకెలను ముడిపెట్టే చోటే పుడతాయి. రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందంటూ వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం అంకగణితంలోనే ఉంటుంది. గొలుసులో ఒక లింకు 20 సెంటీమీటర్లు. చదరంగా ఉన్న ఎకరానికి భుజం సుమారు 63.6 మీటర్లు. పాత రోజుల్లో ఒక భుజాన్ని ఒక్క లింకు అటో ఇటో చదివి ఉంటే, సెంటులో దాదాపు మూడో వంతు తేడా వస్తుంది. అది దొంగతనం కాదు, ఆ సాధనపు స్వభావం. దీనికి తోడు కొందరు సర్వేయర్లు యు.టి.ఎం. గ్రిడ్ (గుండ్రటి భూమిని జోన్లుగా విడదీసి చదునుగా చూపే పటపు చట్రం) దూరాన్నే నేల దూరంగా రాసేస్తున్నారు. 81 డిగ్రీల రేఖాంశం మీద, అంటే ఏలూరు ప్రాంతంలో, నేల మీది కిలోమీటరు గ్రిడ్‌లో 999.6 మీటర్లే అవుతుంది. 78 డిగ్రీల దగ్గర, కర్నూలు సమీపంలో, జోన్ మారిపోతుంది, అనంతపురం వేరే జోన్‌లో పడుతుంది. కార్స్ సవరణ ఎంత శుద్ధంగా ఉన్నా, కంట్రోలర్‌లో ఈ సెట్టింగు తప్పితే ఫలితం తప్పే.

ఈ మధ్య ఒక హద్దు పని మీద వెళ్లినప్పుడు ఒక పెద్దాయన, “అంకెలు నాకెందుకు సర్వేయరు గారూ, మా తాత పాతిన రాయి కదిలిందా లేదా, అది చెప్పండి” అని అడిగారు. రాయి ఇప్పుడు ఎక్కడుందో రోవర్ చెబుతుంది, నిన్న ఎక్కడుండేదో చెప్పలేదు. ఎఫ్.ఎం.బి. విప్పి, ట్రైజంక్షన్ రాయి (మూడు హద్దులు కలిసే రాయి) నుంచి జీ లైను (పుస్తకంలోని కొలతల ఆధార గీత) పట్టుకుని, టేపుతో ఆఫ్‌సెట్లు (ఆ గీత నుంచి పక్కకు కొలిచే దూరాలు) వేసుకుంటూ వెళ్తే, నిలబడి ఉన్న రాయికి రెండు మూరల అవతల, మట్టిలో పాత రాయి మొదలు దొరికింది. దాని మీద రోవర్ పెట్టి ఫిక్స్ తీసుకుని, ఆ అంకెలను కాగితం మీద రాసి ఇద్దరు గట్టుదారుల చేతికీ ఇచ్చాను. పెద్దాయన తన కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో పెట్టుకున్నారు.