ఆరేళ్లు, మూడు అప్‌గ్రేడ్‌లు, ఒక నల్లటి తెర

2021 శ్రావణమాసంలో, బల్ల మీద పదకొండు శుభలేఖల పని పెట్టుకుని, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 10వ సంచిక నుంచి 11కు మారాను. కొత్త సంచిక ఆగస్టు 14న వచ్చింది. నెలాఖరు దాకా ఎలాగో ఆగాను, ఆ తరువాత ఆగలేకపోయాను. రాత్రి పదింటికి మొదలుపెడితే పన్నెండున్నరకు పూర్తయింది. ఎక్కడా ఒక్క తప్పు చూపించలేదు. రీస్టార్ట్ చేశాను. మెనూ వచ్చింది, నాలుగు వరుసల అక్షరాలు పరుగెత్తాయి, తెర నల్లబడింది. ఎడమ మూలన చిన్న గీత ఒకటి మిణుకుమంటూ ఉండిపోయింది.

నేను తెనాలిలో ఇంటి ముందుగదిలో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, ఏడాదికి రెండో మూడో కవితా సంపుటాలు. పేజీలు కూర్చే స్క్రైబస్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, లిబ్రెఆఫీస్ ఉంటే నాకు చాలు. 2019 చివర్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ముందే బిగించి ఉంది. ఈ సమీక్ష ఆ కార్డుకూ, తయారీ సంస్థ సోర్సు కోడు బయటపెట్టకుండా ఇచ్చే దాని డ్రైవరుకూ, అంటే కార్డును నడిపే ప్రోగ్రాముకూ, సంబంధించినది. మామూలు రోజుల్లో ఆ డ్రైవరు మీద నాకు ఫిర్యాదు లేదు. రెండు మానిటర్లు పెట్టినా రంగులు నిలకడగా ఉండేవి, నెలల తరబడి ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు. ఇబ్బంది అంతా ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన మర్నాడే.

ఆ అర్ధరాత్రి మా తమ్ముడి కొడుకుకు ఫోను చేశాను. హైదరాబాదులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం వాడిది.

"కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి పెదనాన్నా. లాగిన్ అడుగుతోందా?"

"అడుగుతోంది."

"అయితే కంప్యూటర్ లేచే ఉంది. బొమ్మ వేసేవాడే రాలేదు. రీస్టార్ట్ చేసి మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. పాత కెర్నల్ 4.19 ఉంటుంది, దాన్ని ఎంచుకోండి."

తెర వచ్చింది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ, పరికరాలతో మాట్లాడే భాగం. పదకొండు శుభలేఖలూ ఆ పాత కెర్నల్ మీదే పూర్తి చేశాను. జబ్బు కుదర్చడానికి తరువాత ఒక ఆదివారం పట్టింది.

తప్పు నాదే. రెండేళ్ల కిందట డ్రైవరును డెబియన్ ప్యాకేజీగా కాకుండా తయారీ సంస్థ సైటు నుంచి దించి, ఇన్‌స్టాలర్ నడిపి నేరుగా వేసుకున్నాను. కొత్త వెర్షను దొరుకుతుందని ఆశ. లినక్స్ కెర్నల్‌లో అప్లికేషన్లు వాడుకునే వైపు ఏళ్ల తరబడి మారకుండా కాపాడతారు కానీ, లోపలి భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరుకు ఆ హామీ లేదు. కెర్నల్‌లోనే ఉన్న డ్రైవర్లను, లోపలి తీరు మార్చినవాళ్లే సరిచేస్తారు. బయటి డ్రైవరును సరిచేయడం బయటివాళ్ల పని. అందుకే 4.19 కొలతలకు కుట్టిన చొక్కా 5.10కి పట్టలేదు. ప్రతి కొత్త కెర్నల్‌కూ చొక్కా మళ్లీ కుట్టడానికి డీకేఎంఎస్ అనే దర్జీ ఉన్నాడు. ఆ దర్జీకి కొలతల కాగితం కావాలి. దాన్నే కెర్నల్ హెడర్లు అంటారు. నా కంప్యూటర్‌లో దర్జీ లేడు, కాగితమూ లేదు.

ఆదివారం నాడు ఆ ఇన్‌స్టాలర్‌తోనే పాత డ్రైవరును తీసివేసి, డెబియన్ వాళ్లు ప్రోగ్రాములు దాచి ఉంచే భాండాగారంలోని ప్యాకేజీ వేశాను. హెడర్లను ఒక్క కెర్నల్‌కు మాత్రమే కాకుండా, కెర్నల్ మారినప్పుడల్లా వెంట వచ్చే మెటాప్యాకేజీ రూపంలో పెట్టుకున్నాను. రెండేళ్లు ఏ గొడవా లేదు. ముహూర్తాల రోజుల్లో అప్‌గ్రేడ్ ముట్టుకోకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

ఆ ఒట్టు ప్రకారం 2023లో పంచాంగం చూసి దిగాను. ఆ ఏడు జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, పెళ్లిళ్లు లేవు. డెబియన్ 12 జూన్ 10న విడుదలైంది. పని లేని ఒక మధ్యాహ్నం మార్చాను. ఈసారి తెర నల్లబడలేదు, అంతకంటే చిత్రమైన పని చేసింది. అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యాయి, సెట్టింగుల్లో ఒకే ఒక్క రిజల్యూషన్ మిగిలింది, రెండో మానిటర్ నిద్రపోయింది. స్క్రైబస్‌లో పేజీ జరిపితే సగం ముందు వచ్చేది, తక్కిన సగం ఆలోచించుకుని వచ్చేది. ప్రాసెసర్ ఫ్యాను పిండిమరలా మోగుతోంది.

ఇక్కడ ఒక మాట. అంత కష్టంలోనూ తెలుగు ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. సిలికానాంధ్ర వాళ్ల మండలి, రామరాజ ఫాంట్లు ఎప్పటిలాగే నిలబడ్డాయి. ఒత్తులూ గుణింతాలూ కూర్చే హార్ఫ్‌బజ్ ప్రాసెసర్ మీదే పనిచేస్తుంది, గ్రాఫిక్స్ కార్డుతో దానికి పని లేదు. తెలుగు విడివిడిగా కనబడితే డ్రైవరును తిట్టేవాళ్లను చూశాను. అది వేరే జబ్బు.

ఈసారి ఫోను చేయలేదు. కంప్యూటర్‌లోని పరికరాలను, వాటిని నడిపే డ్రైవర్లతో సహా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం ఇచ్చాను. గ్రాఫిక్స్ కార్డు పేరు ఉంది, దాని కింద 'వాడుకలో ఉన్న డ్రైవరు' అనే వరుస లేదు. బొమ్మ ఎవరు గీస్తున్నారని చూస్తే ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని వచ్చింది. కార్డు అందనప్పుడు ఆ పనంతా ప్రాసెసర్ నెత్తిన వేసుకునే ప్రోగ్రాము అది. పిండిమర మోత అందుకే. మరి దర్జీ చొక్కా కుట్టలేదా? కుట్టాడు. డీకేఎంఎస్ స్థితి అడిగితే మాడ్యూల్, అంటే కుట్టిన చొక్కా, సిద్ధంగా ఉందనే చెప్పింది. చేత్తో ఎక్కించబోతే కీ తిరస్కరించినట్లు సందేశం వచ్చింది.

గంటసేపు ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరిగాక మే నెల గుర్తుకు వచ్చింది. గడియారం వెనకబడుతోందని మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ మార్పించాను. దానితో, కంప్యూటర్ లేవగానే మొదట నడిచే బయాస్ అమరికలన్నీ మొదటికి వచ్చాయి, నేను ఆపి ఉంచిన సెక్యూర్ బూట్ మళ్లీ మొదలైంది. నమ్మకమైన సంతకం లేని మాడ్యూల్‌ను అది లోపలికి రానివ్వదు. అయితే బ్యాటరీ మార్చిన రోజే ఎందుకు తెలియలేదని మీరు అడగవచ్చు. ఆ రోజూ తెర ఇలాగే అయింది. బాగుచేసిన కుర్రవాడు తనకు తోచిన అమరికలు మార్చి సరిచేశాడు, జూలైలో కరెంటు పోయి వచ్చాక అవి మళ్లీ ఎగిరిపోయాయి. బ్యాటరీ సరిగా కూర్చోలేదు. అంటే నేను అప్‌గ్రేడ్‌ను తప్పుపట్టిన గంటలో సగం, నాణెం బ్యాటరీకి చెందాలి.

సెక్యూర్ బూట్‌ను మళ్లీ ఆపేస్తే రెండు నిమిషాల పని. కానీ డెబియన్ 12లో డీకేఎంఎస్ తనే ఒక కీ తయారుచేసుకుని మాడ్యూళ్లకు సంతకం పెడుతుంది. ఆ కీని ఒక్కసారి కంప్యూటర్‌కు పరిచయం చేస్తే చాలు. మాక్‌యుటిల్ అనే ఆదేశంతో ఆ కీని ఇచ్చి, తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టి, రీస్టార్ట్ చేశాను. నీలం తెర వచ్చి ఏదైనా మీట నొక్కమంటూ పది సెకన్లు లెక్కపెడుతుంది. నేను కళ్లజోడు వెతుక్కునేలోపు అది వెళ్లిపోయింది. మొత్తం మొదటి నుంచి మళ్లీ చేయాలి. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని, స్పేస్ మీట మీద వేలు ఉంచుకుని కూర్చున్నాను.

2023లో ఇంకొక మార్పు ఉంది, నా తెరకు సంబంధం లేకపోయినా చెబుతాను. డెబియన్ 12తో ఫర్మ్‌వేర్ (పరికరాల లోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు) ప్యాకేజీలను నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే వేరే విభాగంలోకి మార్చారు. భాండాగారాల జాబితాలో ఆ మాట చేర్చకపోతే అప్‌గ్రేడ్ సాఫీగానే సాగుతుంది, ఫర్మ్‌వేర్ మాత్రం పాతదే మిగులుతుంది. వైఫై, కొన్ని గ్రాఫిక్స్ కార్డులు ఆ ఫర్మ్‌వేర్ మీదే బతుకుతాయి.

మూడోది 2025 సెప్టెంబరు, మహాలయ పక్షాలు. డెబియన్ 13 ఆగస్టు 9న వచ్చింది. ఈసారి విడుదల సూచనలు ముందే చదివాను. డిస్కులో కెర్నళ్లు ఉండే బూట్ విభాగం కనీసం 768 మెగాబైట్లు, అందులో 300 దాకా ఖాళీ ఉండాలని ఉంది. నాది 500 లోపే. అది నిండిపోతే కొత్త కెర్నల్ సగంలో ఆగుతుంది, ఆ నల్లతెరను చూసినవాళ్లు మళ్లీ డ్రైవరునే అనుమానిస్తారు. బూట్‌కు వేరే విభాగం లేకుండా చేసి, తక్కినవన్నీ సర్దుకున్నాను. డ్రైవరు దగ్గర మాత్రం సర్దుకోవడానికి ఏమీ మిగలలేదు. నా కార్డు తరానికి సంస్థ మద్దతు ఆపేసింది, 13 భాండాగారంలో దానికి పనికివచ్చే ప్యాకేజీ లేదు. కార్డు చెడిపోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే.

12లోనే ఉండిపోవచ్చు. దీర్ఘకాల మద్దతు బృందం దానికి 2028 జూన్ దాకా భద్రతా సవరణలు ఇస్తుంది, కానీ ఆ హామీ ఇలాంటి మూసిన డ్రైవర్లకు వర్తించదు. సోర్సు కోడు అందరికీ అందే స్వేచ్ఛా డ్రైవరుతో రెండు వారాలు నడిపాను. బొమ్మ వచ్చింది, మానిటర్లు రెండూ లేచాయి. కార్డు మాత్రం వేగం పెంచుకోలేక మొదటి గేరులోనే నడిచింది.

చివరికి స్క్రూడ్రైవరు తీశాను. మూసిన డ్రైవరు తాలూకు ప్యాకేజీలన్నీ మొదట పూర్తిగా తొలగించి, కార్డు ఊడదీసి, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకే తగిలించాను. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌ను కెర్నల్‌లోని ఐ915 డ్రైవరు గుర్తుపట్టింది, 1993లో బ్రయన్ పాల్ మొదలుపెట్టిన మెసా దాని మీద బొమ్మ గీసింది. దర్జీ లేడు, కీలు లేవు, నీలం తెర లేదు. ఇరవై నాలుగు పేజీల పెళ్లి ఆల్బమ్‌ను జరిపి చూస్తే, కార్డు ఉన్న రోజులకూ ఇప్పటికీ తేడా నా కంటికి అందలేదు. గదిలో చప్పుడు తగ్గిందని మా ఆవిడ నాకంటే ముందు గమనించింది.

బ్లెండర్‌లో త్రీడీ చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ఈ దారి కుదరదు, వాళ్లకు కార్డు కావాలి. ఉంచుకోండి, కానీ డ్రైవరును మీ డిస్ట్రిబ్యూషన్ (డెబియన్ లాంటిది) ప్యాకేజీగానే వేసుకోండి. మరో అప్‌గ్రేడ్ దాటేదాకా పాత కెర్నల్ ఒకటి చెరిపేయకండి. నా దగ్గర ఇక అలాంటి కార్డు ఒక్కటే మిగిలింది, పక్కబల్ల మీది డెస్క్‌టాప్‌లో. అది ఇంకా డెబియన్ 12 మీదే ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. దాని స్క్రూలు అప్పుడు విప్పుతాను.