డిప్రెషన్: స్కాన్ మేలా, డాక్టరుతో మాట్లాడటం మేలా?

విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి వెళ్దామంటే ‘ఎవరైనా చూస్తే?’ అని జంకే ఇళ్లలోనే, మహారాణిపేటలో మెదడు స్కాన్ తీయిద్దామంటే వెంటనే సరేనంటారు. ఫిల్ము చేతికొస్తే అది అసలైన జబ్బని ధైర్యం. చుట్టాలకు చెప్పుకోవడానికీ బాగుంటుంది మరి! కానీ ఏ స్కాన్?

ఎమ్మారైలో గడ్డలు, రక్తస్రావం కనిపిస్తాయి. డిప్రెషన్‌తో ముడిపెట్టి పరిశోధకులు వెతికే సెరటోనిన్ రిసెప్టర్లు, అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే అణువులు, కనిపించవు. అలాంటి గడ్డో గాయమో ఉందని డాక్టరుకు అనుమానమొస్తే తీయించాలి, అంతే.

రిసెప్టర్లను చూపేది పెట్ స్కాన్: రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కించి, అది ఎక్కడ చేరిందో చూస్తారు. క్యాన్సర్ రోగులకు చేసేదీ పెట్ స్కానే గానీ, అక్కడ ఎక్కువగా ఎక్కించేది ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజు. సెరటోనిన్ రిసెప్టర్లలో 1ఏ అనే రకం కోసం పరిశోధకులు ఎక్కువగా వాడింది కార్బన్-11 చేర్చిన వే-100635 అనే మందు. కార్బన్-11 సుమారు 20 నిమిషాలకోసారి సగమైపోతుంది. అగనంపూడిలో తయారుచేసి కేజీహెచ్‌కు పంపారనుకోండి, గాజువాక ట్రాఫిక్‌లోనే సగం హరీ! అందుకే కార్బన్-11ను తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం స్కానర్ పక్కనే ఉండాలి.

ఇంత తంటా పడితే తేలిందేమిటి? 1999లో డ్రెవెట్స్ బృందం డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఈ రిసెప్టర్లకు ఆ స్కాన్ మందు అతుక్కోవడం తగ్గిందంది. 2006లో పార్సీ బృందం, డిప్రెషన్ మందులు ఎప్పుడూ వాడనివాళ్లలో అది ఎక్కువగా ఉందంది. ఈ తేడాలో లెక్కగట్టే పద్ధతికీ వాటా ఉంది. చిన్నమెదడును కొలబద్దగా తీసుకుంటే ఒక జవాబు, ధమనిలోంచి రక్తం తీసి లెక్కిస్తే ఇంకో జవాబు రావచ్చు. పైగా ఇవన్నీ గుంపుల సగటులు. రోగుల అంకెలూ ఆరోగ్యవంతుల అంకెలూ కలగలిసిపోతాయి కాబట్టి, మీ ఒక్కరి స్కాన్ చూసి ‘ఇది డిప్రెషన్’ అని ఎవరూ తేల్చలేరు. పరిశోధనకు మాత్రం పెట్‌కు సాటి లేదు. బతికున్న మనిషి మెదడులో రిసెప్టర్లను ఇంత బాగా లెక్కగట్టే దారి వేరే ఏముంది?

రోగికైతే నా ఓటు డాక్టరు ఎదుట కుర్చీకే. డిప్రెషన్‌ను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో ప్రశ్నలు తొమ్మిదే: గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి. మార్కులు 0 నుంచి 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తప్పకుండా డాక్టరును కలవాలి. పరీక్షకే డబ్బు పెట్టాలనుంటే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగించినా మనిషి అచ్చం ఇలాగే డీలా పడతాడు.

తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి ‘అవును’ అని జవాబొస్తే ఏ స్కాన్ కోసమూ ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మనిషిని ఒంటరిగా వదలకండి. రాత్రయినా సరే, మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పలుకుతుంది.