పచ్చిపాలలో ముంచాక తెలిసిన తేడా: ఇథియోపియా, ఆస్ట్రేలియా ఒపల్‌లపై నా అభిప్రాయం

చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి దాకా ఉన్న ముత్యాల దుకాణాల పేరు ఊరందరికీ తెలుసు. వాటి పక్కనే రంగురాళ్లు అమ్మే చిన్న కొట్లకు అంత పేరు లేదు గానీ, శుక్రదశకు వజ్రం కొనే స్తోమత లేకపోతే ఒపల్ అయినా ధరించమని జ్యోతిష్కులు చెప్పినవారు చివరికి చేరుకునేది అక్కడికే. మా అత్తగారి కోసం నేనూ అలాగే వెళ్లాను. ఈ రెండేళ్లలో ఇథియోపియా రాయి ఒకటి, ఆస్ట్రేలియావి రెండు కొన్నాను; మెక్సికో రాయిని చేతిలోకి తీసుకుని చూసి తిరిగి ఇచ్చేశాను. గ్రహఫలాల జోలికి పోకుండా, రాళ్లుగా అవి ఎలా ఉన్నాయో మాత్రమే చెబుతాను.

మొదట కొన్న అయిదు క్యారెట్ల రాయిని కొట్టువాడు ఆస్ట్రేలియా సరుకని చెప్పి ఇచ్చాడు. ట్యూబ్‌లైటు వెలుతురులో కూడా దాని లోపల ఆకుపచ్చ, నారింజ రంగు పలకలు నెమలి మెడ తిప్పినప్పుడు మెరిసినట్టు మెరిసేవి. క్యారెట్ రెండు వేల లోపు ధరకే అంత మెరుపు దొరికినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఉంగరం చేయించాక, శుక్రవారం ఉదయం తొడుక్కోవాలని మా అత్తగారు ముందురోజు రాత్రే దానిని చిటికెడు పసుపు కలిపిన పచ్చిపాలలో ఉంచారు. తెల్లవారి తీసి కడిగి చూస్తే రాయిలో రంగుల జాడే లేదు. తడిసిన కలకండ ముక్కను పొదిగినట్టు, అడుగున పెట్టిన నా వేలి గీతలు పైనుంచి లెక్కపెట్టగలిగినంత పారదర్శకంగా మారిపోయింది. నాలుగు రోజులు నీడన ఆరాక రంగులన్నీ తిరిగి వచ్చాయి గానీ, అంచున పట్టిన లేత పసుపు మాత్రం నేటికీ వదల్లేదు.

దానితో ఆ రాయి పుట్టిల్లు ఏదో తెలిసిపోయింది. ఇథియోపియాలోని వొల్లో ప్రాంతంలో, వెగెల్ తెనా ఊరి దగ్గర 2008లో బయటపడిన ఒపల్ అగ్నిపర్వత శిలల్లో ఏర్పడినది. దానిలో చాలా భాగం సూక్ష్మరంధ్రాలతో ఉండి నీటిని పీల్చుకుంటుంది. ఏ దేశపు ఒపల్ అయినా నీరు కలిసిన సిలికాయే. 150 నుంచి 300 నానోమీటర్ల సిలికా గోళీలు, బండి మీద బత్తాయిలు పేర్చినట్టు వరుస తప్పకుండా అమరినచోట వెలుతురు చీలి రంగులుగా కనబడుతుందని 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి తేల్చారు. వొల్లో రాయిలో ఆ గోళీల మధ్య సందుల్లోకి నీరు చేరినప్పుడు కాంతి చెదరడం తగ్గి రాయి గాజులా అవుతుంది. నీరు ఎలాగూ ఆరిపోతుంది, కానీ దానితోపాటు లోపలికి వెళ్లిన పసుపు, నూనె, సబ్బు అంత తేలికగా బయటికి రావు. ఇంకొక చిక్కు కూడా ఉంది: నీరు పీల్చిన రాయి తక్కెడలో ఎక్కువ తూగుతుంది కాబట్టి, తడి గుడ్డలో నుంచి తీసి చూపించే రాయిని అప్పటికప్పుడు తూకం వేయించుకోవడం మంచిది కాదు.

రెండోసారి మరో కొట్టులో, ప్రయోగశాల ధ్రువపత్రం చూసి, ఆస్ట్రేలియాలోని కూబర్ పెడీ తెల్ల ఒపల్ కొన్నాను. అక్కడ 1915లో ఒపల్ దొరికింది. ఎండ తట్టుకోలేక జనం నేల కింద ఇళ్లు తొలుచుకుని ఉంటారట, మన మే నెలలో ఆ ఆలోచన నాకూ వస్తుంది. ఇది అవక్షేప శిలల్లో పుట్టిన రాయి కాబట్టి నీరు అంతగా పీల్చదు. నిజం చెప్పాలంటే, పక్కపక్కన పెడితే మొదటి రాయి ముందు ఇది వెలవెలబోతుంది. పాలమీగడ లాంటి తెలుపులో అక్కడక్కడ గులాబీ, ఆకుపచ్చ చుక్కలు, అవీ చేయి తిప్పితేనే కనబడతాయి. క్యారెట్ ధర మాత్రం దాదాపు మూడు రెట్లు పడింది. అయితే నేను వద్దనేలోపే మా అత్తగారు దీనినీ పాలలో వేశారు, అది వెళ్లినట్టే తిరిగి వచ్చింది.

మూడోది క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిన బౌల్డర్ ఒపల్. ఇనుపరాతి పగుళ్లలో సన్నని పొరగా పేరుకున్న ఒపల్‌ను ఆ రాతితో సహా కోస్తారు గనుక, వెనుక ఉన్న ముదురు గోధుమ రంగు వల్ల నీలం, ఆకుపచ్చ గాఢంగా పలుకుతాయి. రాతి దన్ను ఉండటం వల్ల రాయీ దృఢంగా ఉంటుంది. కోత సమంగా ఉండదు, నా రాయి చింతగింజ ఆకారంలో ఉంది, కంసాలి గూడు కట్టడానికి విసుక్కున్నాడు. అయినా మూడింటిలో నాకు నచ్చినది ఇదే.

న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఒపల్ ధర నా అందుబాటులో లేదు. నల్ల ఒపల్ అని మన కొట్లలో చవకగా చూపించేవాటిలో పొగపెట్టి నల్లబరచిన ఇథియోపియా రాళ్లు ఉంటాయి కాబట్టి, భూతద్దంతో గుంటల్లో నలుపు పేరుకుందేమో చూడాలి. పలుచని ఒపల్ ముక్కకు వెనుక నల్లరాయి అంటించిన డబ్లెట్‌లూ ఉన్నాయి. పక్కనుంచి చూస్తే అతుకు గీత తిన్నగా కనిపిస్తుంది, నీళ్లలో నానితే జిగురు ఊడుతుంది. మెక్సికోలోని కెరెతారో అగ్ని ఒపల్ దానిమ్మగింజ ఎండలో మెరిసినట్టు అందంగానే ఉంది గానీ, నేను చూసినదానిలో తిప్పినప్పుడు మారే రంగుల ఆట లేదు, అందుకే వదిలేశాను. పెరూ గులాబీ, నీలి ఒపల్‌లకూ ఆ ఆట ఉండదు, రంగు నచ్చితే పూసల దండకు బాగుంటాయి.

ఒక ఫిర్యాదు కొట్లన్నిటి మీదా ఉంది: ధర రత్తి లెక్కన చెబుతారు, ధ్రువపత్రంలో క్యారెట్లు ఉంటాయి. క్యారెట్ అంటే ఎక్కడైనా 0.2 గ్రాములే గానీ రత్తి కొట్టుకొక తీరుగా ఉంటుంది, కనుక బేరం క్యారెట్‌లోనే ఆడాలి. ఇక జాతకానికి చేయించే ఉంగరాలలో రాయి వేలికి తగిలేలా అడుగు తెరిచి ఉంచుతారు. అలా ఉంటే చెమటా సబ్బునీరూ నేరుగా రాయిని తాకుతాయి. పైగా ఒపల్ గట్టిదనం, వజ్రాన్ని 10గా లెక్కించే మోస్ కొలతలో 5.5 నుంచి 6.5 మాత్రమే, ఇసుక రేణువులోని క్వార్ట్జ్‌ది 7. అందువల్ల రోజూ తొడుక్కునే ఉంగరానికి నేను ఆస్ట్రేలియా రాయినే ఎంచుకుంటాను, అదీ గీతలు పడతాయని తెలిసే. పసుపు పట్టిన ఇథియోపియా రాయిని ఉంగరంలోంచి తీయించి, వెనుక మూసిన లాకెట్‌లో పొదిగించాను. పెళ్లిళ్లకు వేసుకుంటే ఇప్పటికీ అందరూ ముందు దాని గురించే అడుగుతారు. వంటింట్లోకి వెళ్లే ముందు మాత్రం అది మెడలోంచి బీరువాలోకి చేరుతుంది.