జావా వెబ్ ప్రాజెక్టులకు మేవెన్: ఏళ్ల తరబడి వాడాక

జావా వెబ్ అప్లికేషన్లకు లైబ్రరీలు సమకూర్చే పనిని ఏళ్లుగా మేవెన్ అనే బిల్డ్ సాధనానికే అప్పగిస్తున్నాను. ఇకముందూ అదే వాడతాను. కానీ అది ఏ వెర్షన్‌ను ఎంచుకుందో చూడనిదే వార్ ఫైలును (అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన ప్యాకేజీని) సర్వర్‌కు పంపను.

జార్ ఫైళ్లను, అంటే లైబ్రరీల ప్యాకేజీలను, ఫోల్డరులో చేత్తో పేర్చుకున్నవారికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఏ జార్ ఎందుకు ఉందో, తీసేస్తే ఏది ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. మేవెన్ చదివే పామ్ ఫైలులో (pom.xml) అన్నీ పేరుతో, వెర్షన్‌తో కళ్లెదుటే ఉంటాయి. పైగా లైబ్రరీల ఉమ్మడి భాండారమైన మేవెన్ సెంట్రల్‌లో ఒకసారి విడుదలైన వెర్షన్‌ను ఎవరూ మార్చలేరు. ఆ భరోసా చాలా పెద్దది.

చిక్కంతా మనం అడగకుండా, అడిగినవాటి వెంట వచ్చే లైబ్రరీలతోనే. ఒకే లైబ్రరీ రెండు దారుల్లో, రెండు వెర్షన్లలో వస్తే మేవెన్ మన ప్రాజెక్టుకు దగ్గరి దారిలో (మధ్యలో తక్కువ లైబ్రరీలున్న దారిలో) ఉన్నదాన్ని తీసుకుంటుంది. దూరం సమానమైతే పామ్‌లో ముందు రాసినదానిదే పైచేయి. ఏది కొత్తదో చూడదు. మరో బిల్డ్ సాధనం గ్రేడిల్ అయితే మామూలుగా పెద్ద వెర్షన్‌ను ఎంచుకుంటుంది. ఈ విషయంలో నా ఓటు గ్రేడిల్‌కే.

గూగుల్ లైబ్రరీ గువావానే చూడండి. దగ్గరి దారిలో 18, దూరపు దారిలో 31 ఉంటే 18 వస్తుంది. కంపైల్ సాఫీగా సాగిపోతుంది. 21వ వెర్షన్‌లో చేరిన టుఇమ్యూటబుల్‌లిస్ట్ అనే మెథడ్‌ను దూరపు లైబ్రరీ పిలిచిన క్షణాన, సర్వర్ నడుస్తుండగా, ఆ మెథడ్ లేదంటూ నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వస్తుంది. ఇలాంటప్పుడు నేను మొదట చూసేది, ఏ లైబ్రరీ దేని వెంట వచ్చిందో చూపే డిపెండెన్సీ ట్రీ (mvn dependency:tree). దానికి వెర్బోస్ ఆప్షన్ జోడిస్తే పక్కకు నెట్టేసిన వెర్షన్లూ కనిపిస్తాయి. మేవెన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆదేశం ఇదే.

ఈ తంటాకు మందు పామ్‌లోని డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ విభాగంలో ఉంది. అక్కడ రాసిన వెర్షన్ ఎంత దూరపు లైబ్రరీకైనా వర్తిస్తుంది. 2021 డిసెంబరులో లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జేలో భద్రతా లోపం బయటపడ్డాక 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 సవరణ వెర్షన్లు వరుసగా వచ్చాయి. వెర్షన్లన్నీ, ప్రాజెక్టు భాగాలైన మాడ్యూళ్లన్నిటికీ ఉమ్మడిదైన పేరెంట్ పామ్‌లో ఒకేచోట ఉన్న ప్రాజెక్టుల్లో ప్రతిసారీ ఒక్క గీత మారిస్తే సరిపోయింది. మాడ్యూల్‌కో వెర్షన్ రాసుకున్న చోట వెతుకులాటకే పొద్దంతా గడిచేది.

వెబ్ అభ్యర్థనలను అందుకునే సర్వ్‌లెట్ ఏపీఐకి ప్రొవైడెడ్ స్కోప్ (వార్‌లో చేర్చవద్దనే గుర్తు) తప్పనిసరి. ఆ ఏపీఐని టామ్‌క్యాట్ సర్వరే ఇస్తుంది.

మేవెన్‌కు కనిపించని గొడవ ఇంకొకటి ఉంది. మేవెన్ లైబ్రరీల గ్రూప్, ఆర్టిఫాక్ట్ పేర్లను పోలుస్తుందే తప్ప జార్ లోపలి క్లాసులను పోల్చదు. కామన్స్ లాగింగ్ లైబ్రరీ, దాని బదులు వాడే జేసీఎల్-ఓవర్-ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జే రెండింటిలోనూ అవే పేర్ల క్లాసులుంటాయి. అయినా రెండూ నిశ్శబ్దంగా వార్‌లోకి చేరిపోతాయి. మొదటిదాన్ని పామ్‌లో ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) రాసి మనమే తీసేయాలి.

ఎంచుకున్న వెర్షన్లన్నిటినీ రాసి ఉంచే లాక్ ఫైలు మేవెన్‌కు సొంతంగా లేకపోవడం నాకు నిజమైన లోటు. అందుకే వెర్షన్ రేంజ్‌లు (ఇంత నుంచి ఇంత వరకు ఏదైనా సరే అనడం) అసలు రాయను, నియమాలు తప్పితే బిల్డ్‌ను ఆపే ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌ను ప్రతి బిల్డ్‌లో నడుపుతాను. అందులో ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు రాకూడదనే డిపెండెన్సీ కన్వర్జెన్స్ నియమం మంచిదే, కానీ పాత ప్రాజెక్టులో మొదటిరోజే పెడితే తప్పుల జాబితా చూసి జట్టు బెదిరిపోతుంది. ముందు రిక్వైర్ అప్పర్ బౌండ్ డెప్స్ నియమం పెట్టండి. ఎవరో కోరిన వెర్షన్ కన్నా పాతది వచ్చిన చోటే అది బిల్డ్‌ను ఆపుతుంది, పైన చెప్పిన గువావా తంటా అక్కడే దొరికిపోతుంది.