మా తమ్ముడి ఆరు వారాల వేసవి శిక్షణ: మూడు నెలల తర్వాత రాస్తున్న సమీక్ష

నాడీవైవిధ్యం ఉన్న, అంటే మెదడు పనిచేసే తీరు చాలా మందికన్నా భిన్నంగా ఉండే యువతీయువకులకు స్వతంత్ర జీవన నైపుణ్యాలు నేర్పే ఒక వేసవి శిక్షణ కార్యక్రమంలో మా తమ్ముడు ఈ ఏడాది ఆరు వారాలు ఉండి వచ్చాడు. అతనికి 21 ఏళ్లు. ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరడం కష్టమయ్యే స్థితి) కూడా ఉంది. బస, శిక్షణ ఒకే ఆవరణలో. ఒక్కో గదిలో ఇద్దరు ఉండేవారు, ముగ్గురికి ఒక శిక్షకుడు. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి కార్యక్రమం ఏది ఎంచుకున్నా పరిశీలించవలసిన విషయాలు దాదాపు ఇవే. శిక్షణ ముగిసి మూడు నెలలయ్యాక ఈ సమీక్ష రాయడానికి కారణం ఉంది. ముగింపు రోజున పిల్లలు వేదికెక్కి ధ్రువపత్రాలు అందుకుంటుంటే కళ్లు చెమర్చిన కుటుంబ సభ్యుల్లో నేనూ ఉన్నాను. ఆ రోజే సమీక్ష రాసి ఉంటే అది నా సంతోషం గురించి అయ్యేది. అతను ఏం నేర్చుకున్నాడో అందులో ఉండేది కాదు.

బట్టలు ఉతకడం ఎలాగో మా తమ్ముడికి తెలియక కాదు. అడిగితే మొదటి నుంచి చివరి దాకా తడుముకోకుండా చెప్పగలడు. అయినా మాసిన బట్టలు వారం రోజులు కుర్చీ మీదే పడి ఉండేవి. తెలిసిన పనిని మొదలుపెట్టడం, మధ్యలో ఆగిపోతే మళ్లీ అందుకోవడం, ఎంత సమయం గడిచిందో గ్రహించడం, ఒక పని నుంచి మరో పనికి మారడం అనే వాటన్నిటినీ కలిపి మనస్తత్వశాస్త్రంలో కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటారు. ఆటిజంలోనూ ఏడీహెచ్‌డీలోనూ ఎక్కువ మందికి ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. ఎంత తెలివైనవారికైనా ఈ ఇబ్బంది ఉండవచ్చు. ఈ తేడా తెలియని వారికి అది బద్ధకంగానో మొండితనంగానో కనిపిస్తుంది. మా ఇంట్లో చాలా ఏళ్లు అలాగే కనిపించింది, ఆ మాటలు అతని ముఖం మీదే అన్నాం. కాబట్టి 'ఎలా చేయాలో' మాత్రమే నేర్పే శిక్షణ వల్ల అతనికి పెద్ద ఉపయోగం ఉండదు. నేను మొదట చూసిన మూడు నాలుగు కార్యక్రమాలు అలాంటివే. పగలంతా తరగతులు, బొమ్మలున్న పుస్తకాలు, సాయంత్రం ఆటలు. వాటిని వేసవి విడిది అనవచ్చు గానీ శిక్షణ అనలేం.

ఈ కార్యక్రమం వారు చేర్చుకునే ముందు మమ్మల్ని అడిగిన ఒక ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. "మీరు రోజూ అతనికి తెలియకుండా, మీకూ తెలియకుండా చేసిపెట్టే పనులు ఏమిటి?" అని ఒక కాగితం ఇచ్చి వారం రోజులు రాయమన్నారు. రాయడం మొదలుపెడితే ఆగలేదు. ఉదయం రెండుసార్లు లేపడం, మాత్రల డబ్బా తీసి బల్ల మీద పెట్టడం, ఫోన్ మోగితే నేను తీసి మాట్లాడడం, బయటికి వెళ్లేటప్పుడు తాళం చెవి జేబులో ఉందో లేదో చూడడం, వైద్యుడు అడిగిన ప్రతి ప్రశ్నకూ అతని బదులు జవాబు చెప్పడం. వారం తిరిగేసరికి 43 పనులయ్యాయి. వాటిలో ఏ ఆరింటితో మొదలుపెట్టాలో మమ్మల్ని కాక అతన్నే ఎంచుకోమన్నారు. అతను ఎంచుకున్న వాటిలో నేను అనుకున్నవి రెండే ఉన్నాయి.

ఇక బోధన విషయానికి వస్తే, నేను కళ్లారా చూసింది బట్టలు ఉతికే పాఠం. కుటుంబ సభ్యులు వచ్చి చూడడానికి మూడో వారంలో ఒక రోజు కేటాయించారు. ఆ పనిని వారు 14 మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక బొమ్మతో యంత్రం పక్కన గోడ మీద అతికించారు. నేర్పింది మాత్రం చివరి మెట్టు నుంచి వెనక్కి. మొదటి రెండు రోజులు పదమూడు మెట్లు శిక్షకుడే చేసి, ఆరిన బట్టలు మడిచి అరలో పెట్టే చివరి మెట్టు ఒక్కటే తమ్ముడికి వదిలాడట. తర్వాత చివరి రెండు, ఆ తర్వాత మూడు. ఈ పద్ధతిలో ప్రతిసారీ పని పూర్తి చేసేది నేర్చుకునే వ్యక్తే అవుతాడు. పని సగంలో వదిలేయడమే అలవాటైన మనిషికి, పని ముగిసిందన్న తృప్తి మొదటి రోజు నుంచే దక్కడం ఎంత పెద్ద విషయమో ఆ వేళ అతని నడకలో చూశాను.

అంతకన్నా నాకు ఎక్కువ నేర్పింది శిక్షకుడి మౌనం. తమ్ముడు సబ్బు పొడి పోసి, తర్వాత ఏం చేయాలో తోచక యంత్రం ముందు నిలబడిపోయాడు. నా నోట్లో మాట నాలుక చివరికి వచ్చేసింది. శిక్షకుడు చేతులు వెనక్కి కట్టుకుని, అతని వైపు సూటిగా చూడకుండా నిలబడ్డాడు. నేను లోపల లెక్కపెట్టుకున్నాను, దాదాపు ఇరవై సెకన్లు. అప్పుడు తమ్ముడే తల తిప్పి గోడ మీది బొమ్మల వైపు చూసి, మూత వేసి, బొత్తాం నొక్కాడు. తర్వాత శిక్షకుడు నాకు వివరించాడు: చెయ్యి పట్టి చేయించడం, చేసి చూపించడం, వేలితో సైగ చేయడం, నోటితో చెప్పడం, ఇవన్నీ సాయాలే, కానీ ప్రతి సాయాన్నీ ఎప్పుడు, ఎలా తీసివేయాలో ముందే ఆలోచించుకుని ఇవ్వాలి. నోటి మాట అన్నిటికన్నా తేలికైన సాయమని నేను అనుకునేదాన్ని. నిజానికి మాన్పించడం చాలా కష్టమైన సాయం అదే, ఎందుకంటే ఎవరో ఒకరు 'ఇప్పుడు మూత వెయ్యి' అనే వరకూ ఎదురుచూడడం కూడా పనిలో ఒక మెట్టుగా మారిపోతుంది. బొమ్మ గోడ మీదే ఉంటుంది, అడిగినప్పుడే జవాబు ఇస్తుంది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఎదురుచూపులు నేర్పింది నేనేనని ఆ గదిలో నాకు అర్థమైంది.

బస్సు ప్రయాణం కూడా బాగా నేర్పారు. మొదట పక్కన కూర్చుని, తర్వాత రెండు వరుసల వెనక కూర్చుని, చివరికి వెనక వచ్చే మరో బస్సులో వస్తూ సాయం తగ్గించారు. దిగవలసిన చోటు దాటిపోతే ఏం చేయాలో కావాలనే దాటించి సాధన చేయించారు. మాట పెగలని క్షణంలో చూపించడానికి 'నాకు జవాబు చెప్పడానికి కొంచెం సమయం కావాలి' అని రాసిన చిన్న కార్డు ఇచ్చారు. ఇప్పటికీ అది అతని జేబులోనే ఉంటుంది. డబ్బు లెక్కలు, మాత్రలు వేళకు వేసుకోవడం, రహస్య సంఖ్యలు ఎవరికీ చెప్పకపోవడం మామూలు స్థాయిలోనే నేర్పారు, ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

మెచ్చుకోవలసింది మరొకటి ఉంది. అక్కడ శిక్షకులు అందరినీ 'మీరు' అన్నారు. తమ్ముడి గురించిన ప్రశ్న తమ్ముడినే అడిగారు. నేను జవాబు అందుకోబోతే మర్యాదగానే ఆపారు. స్వతంత్రంగా జీవించడం అంటే ఎవరి సాయమూ లేకుండా అన్నీ ఒంటరిగా చేసుకోవడం కాదని, తన జీవితం గురించిన నిర్ణయాలు తన చేతిలో ఉండడమని వికలాంగుల ఉద్యమం చాలా కాలంగా చెబుతోంది. మెడ నుంచి కిందికి దాదాపు చచ్చుబడిన శరీరంతో, శ్వాసకు యంత్రం సాయం తీసుకుంటూ, అమెరికా వికలాంగ హక్కుల ఉద్యమకారుడు ఎడ్ రాబర్ట్స్ 1972లో తోటివారితో కలిసి కాలిఫోర్నియాలోని బర్క్లీలో స్వతంత్ర జీవన కేంద్రాన్ని నిలబెట్టింది ఆ అర్థంలోనే. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం కూడా, ఎక్కడ, ఎవరితో నివసించాలో ఎంచుకునే హక్కు ఇతరులతో సమానంగా వారికీ ఉందని, అందుకు కావలసిన సాయం సమాజంలోనే అందాలని చెబుతుంది. ఈ కార్యక్రమంలో 'సాయం అడగడం' ఒక ప్రత్యేక నైపుణ్యంగా నేర్పారు: ఎవరిని అడగాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి, వద్దనుకున్న సాయాన్ని ఎలా కాదనాలి. నేను చూసిన ఇతర కార్యక్రమాల పాఠ్యప్రణాళికలలో ఇది లేదు.

ఇప్పుడు లోపాలు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది 'సామాజిక నైపుణ్యాలు' అనే తరగతి. మిగతా శిక్షణంతా ఒక దారిలో నడుస్తుంటే ఇది వేరే దారిలో నడిచింది. ఎదుటివారి కళ్లలోకి చూస్తూ మాట్లాడాలి, చేతులు ఊపకూడదు, మాటల మధ్య నవ్వాలి అని నేర్పారు. కళ్లలోకి చూడవలసి వస్తే వినడమే కష్టమవుతుందని ఎందరో ఆటిస్టిక్ వ్యక్తులు చెబుతూనే ఉన్నారు. సహజమైన కదలికలను రోజంతా అణచుకుని మామూలు మనిషిలా కనిపించడానికి చేసే ప్రయత్నం వారిని ఎంత అలసటకు, ఆందోళనకు గురిచేస్తుందో కూడా చెబుతున్నారు. స్వయంగా ఆటిస్టిక్ అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన 'ద్వంద్వ సహానుభూతి సమస్య' చెప్పేదేమిటంటే, అర్థం చేసుకోలేకపోవడం ఇరువైపులా ఉంటుంది, ఒక్క ఆటిస్టిక్ వ్యక్తి లోపంగా దాన్ని చూడకూడదు. ఆ తరగతి ఉన్న రోజుల్లో తమ్ముడు సాయంత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడని గదిలో ఉన్న సహచరుడు చెప్పాడు. నేను లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాక ఆ తరగతికి రావడం, రాకపోవడం ఎవరి ఇష్టం వారిదన్నారు. పద్ధతి మాత్రం మార్చలేదు.

భోజనశాలలో ట్యూబులైట్లు గుయ్‌మనే శబ్దం, గచ్చు మీద కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదటి వారం అతనికి నరకమయ్యాయి. చెవులకు రక్షణగా హెడ్‌ఫోన్లు ఇచ్చారు, వేరే వేళకు వచ్చే వీలు కల్పించారు; కానీ ఆ పరిష్కారం ఆరు రోజుల తర్వాత వచ్చింది. చేర్చుకునేటప్పుడు నింపిన పత్రంలో శబ్దం గురించి మేము స్పష్టంగా రాశాం. నాలుగో వారంలో అతని శిక్షకుడు మారిపోయాడు, కొత్త వ్యక్తికి పాత నమోదులు అందలేదు, బస్సు సాధన నాలుగు రోజులు వెనక్కి వెళ్లింది. చివరిలో ఇచ్చిన నివేదికలో 'బట్టలు ఉతకడం: 85 శాతం స్వతంత్రం' అని ఉంది. ఏ మెట్టులో, ఏ రకమైన సాయం ఇంకా అవసరమవుతోందో రాయకపోతే ఆ అంకె ఇంట్లో వారికి ఎందుకు పనికివస్తుంది?

అసలు పరీక్ష ఇంటికి వచ్చాక మొదలైంది. మా ఇంట్లోని యంత్రానికి మూత పైన ఉంటుంది, అక్కడి యంత్రానికి ముందు వైపు. బొత్తాలూ వేరు. తమ్ముడు దాని ముందు నిలబడి, ఏమీ రానివాడిలా వెనక్కి వచ్చేశాడు. ఒక చోట నేర్చుకున్నది మరో చోట దానంతట అదే రాకపోవడం ఆటిజంలో తరచుగా కనిపించేదే, శిక్షకులకు తెలియని సంగతి కాదు. అందుకే మంచి శిక్షణలో రెండు మూడు రకాల యంత్రాల మీద, వేర్వేరు మనుషుల సమక్షంలో సాధన ఉంటుంది. వీలైతే చివరి వారం ఇంట్లోనే జరుగుతుంది. ఇక్కడ శిక్షణ తర్వాత అందిన తోడ్పాటు రెండు ఫోన్ కాల్స్ మాత్రమే. మేమే మా యంత్రానికి ఫొటోలు తీసి, 14 మెట్లూ మళ్లీ తయారుచేసి, చివరి మెట్టు నుంచి వెనక్కి వెళ్లాం. తొమ్మిది రోజులు పట్టింది. పునాది లేకపోతే తొమ్మిది నెలలు పట్టేదని నా నమ్మకం, కాబట్టి ఆ ఘనత శిక్షణదే.

మూడు నెలల తర్వాత పరిస్థితి ఇది. బట్టలు ప్రతి బుధవారం అతనే ఉతుకుతున్నాడు. మాత్రలు అలారం మోగగానే వేసుకుంటున్నాడు. తెలిసిన దారిలో బస్సు ఎక్కుతున్నాడు, కొత్త దారికి ఒకసారి తోడు కావాలి. ఉదయం లేవడం నిలవలేదు, అందులో తప్పు నాది. తిరిగి వచ్చిన రెండో రోజు అలారం మోగినా అతను కదలకపోతే ఆగలేక నేనే లేపాను, మూడో రోజూ లేపాను, వారానికల్లా పాత పద్ధతి ఇంట్లో మళ్లీ కుదురుకుంది. ఇప్పుడు అతనే నన్ను గదిలోకి రావద్దన్నాడు. ఆలస్యమైతే ఆ ఆలస్యం తనదేనన్నాడు.

చేర్చాలనుకునేవారు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. సాయం ఎలా తగ్గిస్తారో శిక్షకులు ఒక ఉదాహరణతో వివరించలేకపోతే అక్కడే ఆలోచించుకోండి. లక్ష్యాలు ఎవరు ఎంచుకుంటారో, మధ్యలో వద్దనే హక్కు నేర్చుకునే వ్యక్తికి ఉందో లేదో, సిబ్బందిలో ఆటిస్టిక్ పెద్దలు ఎవరైనా ఉన్నారో, ఇంటికి వచ్చాక ఎన్ని వారాలు తోడుంటారో, సాయంత్రాల్లో ఎవరి ప్రణాళికలోనూ లేని ఖాళీ సమయం ఎంత ఉంటుందో తెలుసుకోండి. ఇంటికి దూరంగా ఎప్పుడూ ఉండని వారికి ఆరు వారాలు ఎక్కువ. మూడు నాలుగు రాత్రుల పరిచయ బసతో మొదలుపెట్టే చోటు దొరికితే అది మేలు. మూర్ఛలు తరచుగా వచ్చేవారికి, తమకు తాము గాయం చేసుకునే ఇబ్బంది ఉన్నవారికి ముగ్గురికి ఒక శిక్షకుడు సరిపోడు.

ఈ సమీక్ష తమ్ముడు చదివి, ఒక పేరా తీసివేయమన్నాడు, తీసేశాను. తన వైపు నుంచి చేర్చమన్నది ఇది: పరుపు గట్టిగా ఉంది, సాయంత్రం ఆటలకు రానంటే మూడుసార్లు అడిగారు, బస్సు పాఠం బాగుంది. వచ్చే వేసవికి మళ్లీ వెళ్లాలా వద్దా అనేది అతను ఇంకా తేల్చుకోలేదు. రెండు వారాల కార్యక్రమం ఉందా అని, సామాజిక నైపుణ్యాల తరగతి మార్చారా అని సంస్థకు తనే ఈమెయిల్ రాశాడు. మొదటి ప్రశ్నకు ఉందని జవాబు వచ్చింది. రెండోదానికి ఇంకా రాలేదు.