కైయస్ వినాలా, తినారివెన్ వినాలా?

ఎడారి ప్రాంతాల్లో పుట్టిన రాక్ సంగీతం, అదే ఎడారి రాక్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లకు రెండు దారులున్నాయి. మొదటిది కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్ నుంచి వచ్చిన కైయస్ బృందం. ఊరి బయట ఇసుకలో జనరేటర్ పెట్టుకుని వాయించిన కుర్రాళ్లు. వాళ్ల గిటారిస్టు జాష్ హోమీ తన గిటార్ శ్రుతి బాగా దించి, మంద్ర స్వరాల బేస్ గిటార్‌కి వాడే ఆంప్లిఫయర్‌కి తగిలించేవాడు. అందుకే ఆ మోత చెవికన్నా ముందు గుండెలకు తగులుతుంది. మెటల్, పంక్, సైకడెలిక్ రాక్ కలగలిపి వాయించిన ఆ బృందం 1995లో విడిపోయింది.

రెండో దారి తినారివెన్ బృందం. దాని కథ వేరు. దాన్ని మొదలుపెట్టిన ఇబ్రహీం అగ్ అల్హబీబ్ మాలి దేశపు తువారెగ్, అంటే సహారా ఎడారి సంచార జాతివాడు. 1963లో తువారెగ్‌ల తిరుగుబాటు రోజుల్లో తండ్రిని చంపేశారు; పిల్లాడు అల్జీరియాలో శరణార్థిగా పెరిగాడు. రేకు డబ్బా, కర్ర, సైకిల్ బ్రేకు తీగ కలిపి మొదటి గిటార్ తనే చేసుకున్నాడు. 1979లో పుట్టిన ఆ బృందం పాటలు క్యాసెట్లలో చేతులు మారుతూ సహారా అంతా తిరిగాయి. 2012లో గ్రామీ అవార్డు వచ్చింది.

ఊపు కావాలంటే కైయస్ పెట్టండి. నేనైతే ముందు తినారివెనే వినమంటాను. గిటార్ ఒంటె నడకలా నింపాదిగా సాగుతుంటే, పక్కన చప్పట్లు పడతాయి, ఒక గొంతు పాడిన చరణాన్ని గుంపంతా అందుకుంటుంది. భాష తెలియకపోయినా ఇల్లు వదిలొచ్చిన బెంగ అర్థమవుతుంది.