నాలుగేళ్ళుగా వాడుతున్న పైపు స్టాండు, రెండు పాత చీరలు - ఇంట్లో థీమ్ పార్టీలకి నా రివ్యూ

మా బాబు మొదటి పుట్టినరోజుకి డెకరేషన్ వాళ్ళకి 8,000 ఇచ్చామండి, సాయంత్రం కట్టారు, రాత్రి పదింటికల్లా విప్పేసి పట్టుకెళ్ళిపోయారు, మర్నాడు హాల్లో మాకు మిగిలింది పగిలిన బెలూన్ ముక్కలే. ప్రాణం ఉసూరుమంది. తర్వాత ఏడాది మా ఆయన ప్లంబింగ్ షాపుకెళ్ళి ముప్పావు ఇంచి పీవీసీ పైపులు పదడుగులవి మూడు, మూలల్లో మలుపుకి రెండు ఎల్బోలు, T ఆకారం జాయింట్లు రెండు తెచ్చి స్టాండు చేశారు. ఏడడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. గమ్ము వెయ్యలేదు, అదే ముఖ్యం, విప్పేస్తే బీరువా పక్కన ఓ మూల నిలబడుంటుంది. దాని మీద మా అత్తయ్యగారి పాత చీరలు రెండు సగానికి మడిచి పక్కపక్కన వేస్తే వెనకాల తెర రెడీ, కుచ్చులు కూడా వస్తాయి. ఈ నాలుగేళ్ళలో పదకొండు ఫంక్షన్లు అయ్యాయి దీని మీద.

అన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది రైలు పార్టీ. మా సత్యనారాయణపురం పిల్లలకి స్టేషన్ అంటే పిచ్చి, మన విజయవాడ జంక్షన్లో పది ప్లాట్‌ఫారాలు కదా, ఇంట్లో మూడు పెట్టాం. పసుపు చార్టు మీద నల్ల స్కెచ్‌తో ఊరిపేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాసి స్టాండుకి తగిలించా, అక్షరాల మధ్య ఖాళీ సరిపోక రెండు చార్టులు పాడయ్యాయి, మూడోది అచ్చం బోర్డులాగే వచ్చింది. వచ్చిన ప్రతి పిల్లాడికీ అట్టముక్క టికెట్ ఇచ్చాం, పినాకిని అయితే చెన్నై, రత్నాచల్ అయితే విశాఖ, శాతవాహన అయితే సికింద్రాబాద్, ఎవరి రైలు పిలిస్తే వాళ్ళు ఆ ప్లాట్‌ఫారం దగ్గరికెళ్ళి పునుగులు తినాలి. మా మావయ్యగారు మెడలో తువ్వాలేసుకుని ఛాయ్ ఛాయ్ అని అరుస్తూ బూస్ట్ పోస్తుంటే పిల్లలు ఆయన్ని వదల్లేదు. పాతికమందికి తిండితో కలిపి 2,300 అయింది.

ఇంకోసారి కొండపల్లి బొమ్మల థీమ్. సంక్రాంతి బొమ్మల కొలువువి ఇంట్లో ఉన్నాయిగా, కొత్తగా ఏం కొనలేదు. తెల్ల పొణికి కర్రతో చేసేవి కాబట్టి బరువుండవు, చిన్నవి దారం కట్టి పైపుకి వేలాడదీశా. మేలో అయితే మామిడాకులు, నూజివీడు రసాలు, అంతే.

లోపాలు కూడా చెప్తా. పైన అడ్డంగా ఉండే పైపు రెండో ఏడాదికే కిందకి వంగింది, లోపల సన్న వెదురు కర్ర దూర్చాక సరైంది. ఫ్యాన్ గాలికి చీర తెరచాపలా ఉబ్బి స్టాండు ఓసారి ముందుకి పడిపోయింది, పక్కనే చిన్నపిల్ల ఉంది, నా గుండె ఆగినంత పనయింది, దెబ్బ తగల్లేదు. అప్పట్నుంచి స్టాండు కాళ్ళ మీద ఇసుక మూటలు పెట్టకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వను, మీరూ తప్పకుండా పెట్టండి.

బెలూన్లు వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకుంటే చాలా తేడా వస్తుంది, హ్యాండ్ పంపు మాత్రం తప్పక కొనండి. మన ఎండలకి పూర్తిగా ఊదితే లోపల గాలి వేడెక్కి ఉబ్బి టపటపా పేలతాయి, కొంచెం తక్కువే ఊదండి, అదీ ఫంక్షన్‌కి ఓ గంట ముందు. రేకు అక్షరాల బెలూన్లు స్ట్రా పెట్టి గాలి తీసి మడిచి దాచుకుంటే మళ్ళీ పనికొస్తాయి, మావి మూడుసార్లు వాడాం. గ్యాస్ బెలూన్లు నేనసలు తేను, హైడ్రోజన్ నింపినవైతే నిప్పు తగిలితే భగ్గుమంటాయి. స్నో స్ప్రే కూడా అంతే, దాంట్లో అంటుకునే గ్యాస్ ఉంటుంది, కొవ్వొత్తి వెలుగుతుండగా పిల్లాడి మొహం మీద కొట్టడం చూస్తే నాకు వణుకొస్తుంది. మా ఇంట్లో అది గుమ్మం దాటి లోపలికి రాదు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఎల్బోలు ఈ మధ్య వదులయ్యాయి, ఇన్సులేషన్ టేప్ చుట్టి నెట్టుకొస్తున్నా. ప్రస్తుతం స్టాండు పై ఫ్లోర్ అక్కయ్యగారింట్లో ఉంది, వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పట్టు చీరలు కట్టారు దానికి. తిరిగొచ్చాక రెండు ఎల్బోలూ మార్చాలి.